తైబందీకి కూర్చునే ముందు

చిరంజీవి అల్లుడికి,

చెరువు బాధ్యత నీ మీద పెట్టారని తెలిసి సంతోషపడ్డాను. మత్తడి, అంటే చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు దుంకే అలుగు, పారడం ఆగింది కదా, ఇక ఊరంతా నీ చుట్టే తిరుగుతుంది. తైబందీ అంటే చెరువులో ఉన్న నీళ్ళు యాసంగికి, అదే రబీకి, ఎన్ని ఎకరాలకని తేల్చి రాసుకోవడమే కాబట్టి అందరూ ఎన్ని ఎకరాలు పారిస్తావనే అడుగుతారు. అది ఆఖరున చెప్పు. ఎండాకాలం చెరువులో ఎన్ని నీళ్ళు మిగలాలో ముందు తేల్చు.

1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాల్లో ఓటు ఆయకట్టు భూమి ఉన్నవాళ్ళకే. చేపలు పట్టే ముదిరాజులకు, రేవు మీద బతికే రజకులకు, గొర్లకాపరులకు లేదు. అందుకని వాళ్ళను నువ్వే పిలవాలి. పంచాయతీ ఆఫీసులో వద్దు, కట్ట మీద కూర్చోండి. నీళ్ళు కళ్ళముందుంటే ఎవరూ ఎక్కువ చెప్పలేరు. పసులు తాగను, చేపలు బతకను, కింది బావులు ఊరను ఎంత కావాలో అందరూ ఒప్పుకున్నాక తూము స్తంభం మీద రంగుతో గీత గీయించు. నీళ్ళు అక్కడికి దిగితే తూము బందు.

పొట్టకొచ్చిన వరిని చూపించి "ఒక్క తడి" అని బతిమాలితే కాదనడం ఎవరి వల్లా కాదు. అందుకే వరి విస్తీర్ణం ముందే తగ్గించి రాయి. మిగతా పొలాల్లో మక్క, పల్లి, నువ్వు వేసుకోమను. వంతులు చివరి మడి నుంచి మొదలుపెట్టు. తూము పక్కవాళ్ళకు నీళ్ళెప్పుడూ అందుతాయి.

వానాకాలంలో చేపలు పోకుండా మత్తడికి జాలీ కడతారు. కట్టనివ్వు, వాళ్ళ బతుకది. కానీ పెద్ద వానకు గుర్రపుడెక్క, తుమ్మకంప కొట్టుకొచ్చి జాలీకి పట్టేస్తే నీళ్ళు వెనక్కి ఎగదన్ని కట్టకే ముప్పు. జాలీ కట్టినవాళ్ళే రాత్రి కాపలా ఉండి చెత్త తియ్యాలని గట్టిగా చెప్పు. శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, దున్నుకున్నవాళ్ళు పైరు మునుగుతుందని మత్తడి ఎత్తు తగ్గించమంటారు. ఎంత దగ్గరి చుట్టమైనా ఒప్పుకోకు.

తూము తెరిచి మూసి నీళ్ళు పారించే నీరటిని మరువకు. వెనకటి రోజుల్లో కల్లం దగ్గరే అతని వాటా వడ్లు కొలిచేవాళ్ళం. ఇప్పుడు హార్వెస్టర్ కోసిన వడ్లు అటునుంచటే కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి, అతని వాటా ఎవరికీ గుర్తుండట్లేదు. అర్ధరాత్రి తూము దగ్గర నిలబడేది అతనే. ఎకరానికింతని ముందే డబ్బు వసూలు చేసి చేతికివ్వు.

తైబందీ కాగితం మీద రైతులవే కాదు, ముదిరాజుల, రజకుల పెద్దమనుషుల సంతకాలు కూడా పెట్టించు. తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ మామయ్య