కంపోస్టబుల్ సంచులు కలిసిన ఎరువు: మొక్కలతో పరీక్ష

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో తడిచెత్తను కంపోస్టబుల్ సంచులతో సహా గుంతలో వేసి ఎరువు చేస్తున్నాం. సంచులు దాదాపు కనిపించడం లేదు. ఈ ఎరువు కూరగాయల కుండీలకు వాడొచ్చా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఉందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు సంచి మీద 'కంపోస్టబుల్' అనీ, ఐఎస్ 17088 (కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు మన దేశ ప్రమాణం) అనీ, సర్టిఫికెట్ నంబరూ ఉన్నాయేమో చూడండి. ఒట్టి 'బయోడిగ్రేడబుల్' అని ఉంటే ఆ ఎరువు కూరగాయలకు వద్దు. అలాంటివాటిలో కొన్ని పొడిపొడి అవుతాయే గానీ కుళ్లవు.

సర్టిఫికెట్ పరీక్షలు 58 డిగ్రీల దగ్గర చేస్తారు. మీ గుంతలో అంత వేడి పుట్టకపోతే పీఎల్‌ఏ (మొక్కల పిండి, చక్కెరలతో చేసే ప్లాస్టిక్) ముక్కలు మిగిలిపోతాయి. ఎరువు ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. 12 వారాలకు, వేసిన సంచుల ఎండు బరువులో 10 శాతానికి మించి సంచి ముక్కలు జల్లెడ మీద నిలవకూడదు.

మొక్కల పరీక్షకు రెండు కుప్పలు కావాలి. ఒకదాంట్లో 9 కిలోల చెత్తకు కిలో సంచుల ముక్కలు, రెండోదాంట్లో అదే చెత్త మాత్రమే. ఈ రెండోది లేకపోతే పరీక్ష దండగ, ఎందుకంటే పోల్చడానికేమీ ఉండదు. ఎరువు మాగాక ఒక్కోదాన్నీ రెండు పాళ్లలో ఎర్రమట్టితో కలపండి: మూడు మగ్గుల మట్టికి ఒక మగ్గు, మళ్లీ సగానికి సగం. మొత్తం నాలుగు మిశ్రమాలు. ఒక్కోదానికి నాలుగు కుండీలు: రెండింట్లో ఆవాలు, రెండింట్లో సజ్జలు, కుండీకి 25 గింజలు. మందు పట్టించిన విత్తనం వాడొద్దు.

మూడు వారాలకు మొలకలు లెక్కపెట్టి, మట్టికి పైనున్న మొక్క భాగాన్ని కోసి తూచండి. సంచుల ఎరువులో మొలకలూ బరువూ, ఉత్త ఎరువుతో పోలిస్తే 90 శాతానికి తగ్గకూడదు. అక్కడ 50కి 46 మొలిస్తే ఇక్కడ కనీసం 42 రావాలి. అసలు ఉత్త ఎరువులోనే 70 శాతం మొలవలేదా, తప్పు సంచిది కాదు: ఎరువు పచ్చిగా ఉండి అమ్మోనియా వాసన కొడుతోందేమో, మన బోరునీళ్ల ఉప్పేమో చూసుకోండి. రెండు ఎరువుల కుండీలకూ వాన నీళ్లు పోస్తే మేలు.

సంచుల కుండీల్లో మొలకలు బాగా వచ్చి, ఆకులు పసుపెక్కితే విషమని బెదిరిపోకండి. సంచిలో కార్బన్ ఎక్కువ, నత్రజని దాదాపు ఉండదు. సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినే లాక్కుంటాయి. ఎరువును ఇంకో నెల మాగనిచ్చి మళ్లీ వేసి చూడండి. మొలకలే రాకపోతే మాత్రం ఆ ఎరువు వాడొద్దు.

రంగుల సంచులైతే సీసం, కాడ్మియం సంగతి కుండీలు చెప్పవు. దానికి ల్యాబ్ పరీక్షే చేయించాలి.