ఫోమ్‌తో చేసిన కాస్‌ప్లే (సినిమా, గేమ్ పాత్రల వేషధారణ) కవచం మీద పెయింట్ ఎందుకు పగులుతుంది?

కవచాలకు వాడే ఈవీఏ ఫోమ్ (చెప్పుల అడుగుల్లో ఉండే లాంటి మెత్తటి షీటు) వంగుతుంది, మామూలు స్ప్రే పెయింట్ వంగదు. పగుళ్లకు అసలు కారణం ఇదే. అందుకే భుజాలు, నడుము, మోచేతుల దగ్గర ముందు పగుళ్లు కనిపిస్తాయి.

రంగు వేసే ముందు వేడి గాలి ఊదే హీట్ గన్‌ను ఒకేచోట ఆపకుండా ఫోమ్ అంతటా తిప్పండి. ఉపరితలం కాస్త మెరిస్తే సన్న రంధ్రాలు మూసుకున్నట్టే. ఈ పని వదిలేస్తే ఫోమ్ ప్రైమర్‌ను (రంగుకు ముందు వేసే పూతను) పీల్చేసుకుంటుంది, ఎన్ని పూతలేసినా గరుకు పోదు. తర్వాత ప్లాస్టి డిప్ లాంటి రబ్బరు ప్రైమర్ 3, 4 పల్చటి పూతలు వేయండి. ఒకటి ఆరాకే ఇంకొకటి. ఒక్కసారే మందంగా కొడితే కారి చారలు పడతాయి. దానిపై యాక్రిలిక్ రంగులు వాడండి, అవి కొంత సాగుతాయి.

ముక్కలు అతికించడానికి హాట్ గ్లూ (కరిగించి వాడే జిగురు) కంటే కాంటాక్ట్ సిమెంట్ మేలు, ఇది ఇల్లు కట్టే సిమెంట్ కాదు, ఒక రకం జిగురు. ఎండలో హాట్ గ్లూ మెత్తబడి అతుకులు ఊడతాయి. సిమెంట్ రెండు అంచులకూ రాసి, వేలికి జిగటగా తగిలినా అంటుకోని స్థితికి వచ్చాక కలపాలి. పచ్చిగా ఉన్నప్పుడే నొక్కితే పట్టదు. ఛాతీకి 10 మి.మీ., చేతులకు 5 మి.మీ., నగిషీలకు 2 మి.మీ. ఫోమ్ సరిపోతుంది. సిమెంట్, ప్రైమర్ ఆవిర్లు మంచివి కావు. గాలి ఆడే చోట, ఆవిరిని వడకట్టే రెస్పిరేటర్ పెట్టుకుని పనిచేయండి, గుడ్డ మాస్కు చాలదు.

తెరమీద కవచం నిజమనిపించేది కొత్త మెరుపు వల్ల కాదు, మురికి వల్ల! నల్ల యాక్రిలిక్‌ను నీళ్లలా పల్చన చేసి పూసి, వెంటనే గుడ్డతో తుడిస్తే గీతల్లో మాత్రమే మిగులుతుంది. అంచులకు దాదాపు పొడి కుంచెతో వెండి రంగు అద్దండి.