పెన్‌డ్రైవ్‌లోంచి ఆట నడవదు, ముందు హోమ్‌లోకి కాపీ చెయ్

తమ్ముడూ, చిక్కుదారుల ఆట ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగట్లేదు, పర్మిషన్స్‌లో టిక్ పెట్టినా పోతోంది అన్నావు. గుట్టంతా ఆ పోవడంలోనే ఉంది. లినక్స్‌లో ఫైల్ ప్రోగ్రామ్‌గా నడవాలంటే దానికి అనుమతి ఇవ్వాలి. నీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసింది అయితే ఆ అనుమతి రాసుకునే చోటే అందులో ఉండదు. ఫైల్‌ను హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, రైట్ క్లిక్, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి అక్కడ టిక్ పెట్టు. నిలుస్తుంది.

ప్రొద్దుటూరులో మీ మామ లాప్‌టాప్‌లో ఆట తెరుచుకుంది గానీ బొమ్మ కదల్లేదు అన్నావే, అక్కడ తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉందేమో చూడు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో డబ్ల్యూ నొక్కితే ఐత్వం పడుతుంది, ఎస్ నొక్కితే ఏత్వం. ఐత్వం వస్తే ముందుకు నడవాలని ఆటకేం తెలుసు! దీంతో నేనూ ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నా. లినక్స్ ఉబుంటు అయితే సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మార్చుకో.

ఇక దారి తప్పడం గురించి. కుడిచేయి గోడకు ఆనించి నడిచే పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. మధ్యలో విడిగా ఉన్న గోడ పట్టుకున్నావంటే గానుగెద్దులా దాని చుట్టే తిరుగుతావు. పక్కన గళ్ళ నోటుబుక్కు పెట్టుకుని, వెళ్ళిన ప్రతి దారికీ ఒక గీత గీయి. రెండు గీతలు పడ్డ దారిలోకి మళ్ళీ పోవద్దు.

కాపీ చేశాక కూడా తెరుచుకోకపోతే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) లోంచి నడిపి, వచ్చిన ఎర్రర్ ఇక్కడ పెట్టు.