కెమెరా దాస్తే ఖాకీ వేషం వేషంగా నిలవదు

ప్రశ్న: మేం కృష్ణానగర్‌లో ఉండే ఏడుగురు మిత్రులం. 18 లక్షల్లో ఒక యాక్షన్ సినిమా తీస్తున్నాం. తుపాకీతో తిరిగే ఒక నేరస్థుడు, రిటైర్మెంటు దగ్గరపడి ఉద్యోగం మీద విసుగెత్తిన ఒక ఎస్సై, ఈ ఇద్దరి కథ. సహజంగా రావాలని ముషీరాబాద్ గల్లీల్లో కారులో కెమెరా దాచి, జనానికి చెప్పకుండా ఛేజింగ్ తీయాలనుకుంటున్నాం. డమ్మీ పిస్టల్ ఉంది. క్లోజప్‌లకు మాత్రం హీరో మామయ్యగారి లైసెన్సు రివాల్వర్ గుళ్లు తీసేసి వాడతాం. యూనిఫాం అద్దెకు తెస్తాం. కేసులయ్యే ప్రమాదం ఉందా? సెన్సార్‌లో ఏమంటారు?

జవాబు: ముందు మామయ్యగారి రివాల్వర్. అది ఇల్లు దాటి మీ సెట్‌కు రాకూడదు. గుళ్లు తీసేశాం కదా అన్న మాట కోర్టులో నిలబడదు. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్ అడిగేది ఒకటే: తుపాకీ ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషికి లైసెన్సు ఉందా? లైసెన్సుదారు పక్కనే ఉన్నా, రాసిచ్చినా వేరొకరు ఆయుధం పట్టుకెళ్లొచ్చని అందులోనే ఒక మినహాయింపు ఉంది గానీ, అది మూడు పనులకే: రిపేరు, లైసెన్సు రెన్యువల్, ఆ లైసెన్సుదారు సొంత వాడకం. నటన ఆ మూడింటిలో లేదు. హీరో చేతిలో అది దొరికితే 25(1బి) కింద కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, పైన జరిమానా. మామయ్యగారి లైసెన్సుకూ ముప్పు తప్పదు.

ఇక డమ్మీ. గొట్టం పూర్తిగా మూసుకుపోయిన రబ్బరు లేదా రెసిన్ బొమ్మైతే అది ఆయుధం కాదు. కానీ చట్టంలో ఫైర్‌ఆర్మ్ నిర్వచనం చాలా విశాలమైనది. పేలుడు మందుతోనే కాదు, మరే శక్తితోనైనా దేన్నైనా విసిరేలా తయారైనదంతా అందులోకి వస్తుంది. అందుకే పెల్లెట్లు కొట్టేవి, మందు నింపిన ఉత్తుత్తి తూటాలు పేల్చేవి మీ బడ్జెట్‌కు వద్దు. మెరుపు కోసమో పొగ కోసమో లేతు వర్క్‌షాపులో గొట్టానికి డ్రిల్ వేయించడం అన్నిటికన్నా ప్రమాదం. బొమ్మను తుపాకీగా మార్చారంటే ఆరో సెక్షన్ ఉల్లంఘన, దానికి శిక్ష 7 ఏళ్ల నుంచే మొదలవుతుంది. మెరుపు గ్రాఫిక్స్‌లో, చప్పుడు సౌండ్ మిక్సింగ్‌లో పెట్టుకోండి. పేల్చినప్పుడు మణికట్టు వెనక్కి తన్నే కుదుపును నటుడు సాధన చేస్తే చాలు. డమ్మీ కొన్న బిల్లు, నాలుగు వైపుల నుంచీ తీసిన ఫొటోలు ఫైల్లో ఉండాలి.

అసలు చిక్కు మీరు దాచాలనుకుంటున్న కెమెరాతోనే. భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షన్ చూడండి. ప్రభుత్వోద్యోగి కాని మనిషి ఆ దుస్తులు వేసుకుని, జనం నిజమని నమ్మాలనుకున్నా, నమ్మే అవకాశం ఉందని తెలిసి తిరిగినా నేరమే: 3 నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా లేదా రెండూ. మామూలు షూటింగ్‌లో కెమెరా, లైట్లు, క్లాప్ బోర్డు కళ్లెదుటే ఉంటాయి కాబట్టి ఎవరూ నమ్మరు, నేరమూ ఉండదు. కెమెరా దాచారంటే జనం నిజమని నమ్మాలనే దాచారన్నమాట. మీకున్న రక్షణను మీ చేతులతో మీరే తీసేసుకుంటున్నారు. గల్లీలో ఎవరో 100కు ఫోన్ చేస్తారు, నిజమైన పెట్రోలింగ్ బండి వస్తుంది, వాళ్ల దగ్గర నిజమైన తుపాకులుంటాయి. మీ హీరో చేతిలోది రబ్బరుదని ఆ క్షణంలో వాళ్లకు తెలియదు. నాకు జైలు కన్నా ఇదే ఎక్కువ భయం.

ఇంకో తప్పు చిన్న యూనిట్లలో తేలిగ్గా జరుగుతుంది. షాట్‌కు అడ్డొస్తోందని ఖాకీ వేషంలో ఉన్న జూనియర్ ఆర్టిస్టు చెయ్యెత్తి ఆటోను ఆపుతాడు. అక్కడ వ్యవహారం 204కు మారుతుంది. పోలీసునని నటిస్తూ పోలీసు అధికారం చలాయించడం అది, కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్లు. ట్రాఫిక్ ఆపాల్సింది మామూలు దుస్తుల్లో ఉన్న ప్రొడక్షన్ మనిషి, అదీ అనుమతి ఉంటేనే. టీ తాగడానికి వెళ్లేటప్పుడు కూడా యూనిఫాం పైన చొక్కా వేయండి. బండి మీద ‘పోలీస్’ స్టిక్కర్ ఒక లొకేషన్ నుంచి ఇంకో లొకేషన్‌కు పోయేటప్పుడు పేపరుతో మూయండి. స్టేషన్ పేరు, నేమ్ ప్లేటు కల్పితంగా ఉండనివ్వండి. భుజం మీద చుక్కలు మాత్రం సరిగా పెట్టండి: ఎస్సైకి రెండు, ఏఎస్సైకి ఒకటి. అన్నట్టు, తెలంగాణలో 2021 నుంచి రిటైర్మెంటు వయసు 61. మీ ఎస్సైకి స్క్రిప్టులో 58 అని ఉంటే దిద్దుకోండి.

అనుమతికి ఎఫ్‌డీసీలో (రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ) కథా సారాంశం, తేదీలు, వేళలు, గల్లీల పేర్లు, మనుషుల, బండ్ల సంఖ్యతో దరఖాస్తు పెట్టండి. రోడ్డు మీదైతే పోలీసు, జీహెచ్‌ఎంసీ అనుమతులూ కావాలి. చార్మినార్, గోల్కొండ ఫ్రేములో కాదు, ఆవరణలోనే తీయాలంటే కేంద్ర పురావస్తు శాఖను అడగాలి. దరఖాస్తులో ‘డమ్మీ తుపాకులు 2, పోలీసు యూనిఫాంలు 3’ అని విడిగా రాయండి. అధికారులు ఏమైనా అడుగుతారేమోనని భయపడి చాలామంది ఈ వాక్యమే వదిలేస్తారు, తీరా ఆ రోజు అనుమతి పత్రం చేతిలో ఉన్నా పనికిరాకుండా పోతుంది. ఆ పత్రం నకలు స్థానిక ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. గల్లీకి రెండు చివర్లా ‘షూటింగ్ జరుగుతోంది’ బోర్డు, ఒక్కో మనిషి ఉండాలి. డమ్మీ ఒకరి బాధ్యతలో, మూసిన బ్యాగులో ఉండాలి. యాక్షన్‌కు ముందు ఇచ్చి, కట్ చెప్పగానే తీసుకోవాలి.

సహజత్వం పోతుందని బెంగ వద్దు. దూరంనుంచి పొడుగు లెన్సుతో తీయండి, గల్లీ జనంగా మీ మనుషులనే పెట్టండి. ముఖాలు స్పష్టంగా కనిపించే వాళ్లతో సమ్మతి పత్రం మీద సంతకం చేయించుకోండి.

సెన్సార్ గురించి ఇప్పుడే ఎక్కువ ఆందోళన అక్కర్లేదు. థియేటర్‌లో వేయాలంటే సర్టిఫికెట్ తప్పనిసరి. తుపాకులు చూపించినంత మాత్రాన అభ్యంతరం ఉండదు. హింసను గొప్పగా చూపడం, నేరం చేసే పద్ధతిని విడమరచి చూపడం కూడదని 1991 మార్గదర్శకాలు చెబుతాయి. నాటు తుపాకీ తయారీని మెట్టుమెట్టుగా చూపే సీను ఉంటే కత్తెర పడుతుంది, దాన్ని తీయడానికి డబ్బు పెట్టకండి. 2023 సవరణ తర్వాత యూఏలో (పిల్లలు పెద్దల మార్గదర్శనంతో చూడదగ్గ తరగతి) 7+, 13+, 16+ అని మూడు మెట్లున్నాయి. మీది 16+లో ఉండేలా ఎడిట్ చేసుకోండి. ‘ఎ’ (పెద్దలకు మాత్రమే) వస్తే అదే రూపంలో టీవీకి అమ్మలేరు, టీవీకి వేరే సర్టిఫికెట్ కోసం మళ్లీ వెళ్లాలి. కోతలు నచ్చకపోతే రివైజింగ్ కమిటీకి, అక్కడా కుదరకపోతే హైకోర్టుకు వెళ్లొచ్చు. అప్పీల్ ట్రిబ్యునల్ 2021లోనే రద్దయింది. మీ ఎస్సై సిగరెట్ కాలిస్తే ఆ సీనులో హెచ్చరిక అక్షరాలు వేయాలి, సినిమా మొదట్లో, మధ్యలో పొగాకు ప్రకటనలు పెట్టాలి. విసుగు చూపించడానికి సిగరెట్ తప్ప దారి లేదా అన్నది షూటింగ్‌కు ముందే తేల్చుకోండి.