మీరు రాయని ఆ ఒక్క మాట

(ఉత్తరం చాలా పొడవుగా ఉంది. అవసరమైనంత మేరకే ఇక్కడ ఇస్తున్నాం.)

"మాది విశాఖ మధురవాడలో ఫ్లాట్. పాపకి ఐదేళ్లు, బాబుకి ఏడాదిన్నర. అత్తగారిల్లు జ్ఞానాపురం. ప్రతి క్రిస్మస్‌కీ 24 సాయంత్రమే అందరం అక్కడికి చేరాలి. ఆడపడుచు ముగ్గురు పిల్లలతో రాజమండ్రి నుంచి వస్తుంది. చిన్నమామగారి వాళ్లు, వాళ్ల మనవలు... ఇంట్లో పాతికమంది. అర్ధరాత్రి పూజకి పిల్లల్ని లేపి తీసుకురావాల్సిందే అంటారు. ఎవరు పడితే వాళ్లు కేకు, స్వీట్లు నోట్లో పెడతారు. ఇంటికొచ్చాక మూడు రోజులు ఇద్దరికీ జలుబు. ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డ బాల యేసు స్వరూపాన్ని ఇంట్లో కట్టే క్రిస్మస్ పశువుల పాకలో పెట్టడం మా ఆనవాయితీ. పోయిన ఏడాది పూజ నుంచి వచ్చాక ఆరు నెలల బాబు చేత పెట్టిస్తుంటే, పాప కింద పరిచిన గుడ్డ పట్టుకుని లాగింది. పాక కూలిపోయింది, రెండు బొమ్మలు విరిగాయి. పాక కట్టేది మా పెద్ద తోడికోడలు. 'పిల్లల్ని కంటే సరిపోదు, అదుపులో పెట్టుకోవడం కూడా రావాలి' అని అందరి ముందూ అంది. నేనూ కోపంలో ఒక మాట అన్నాను. మర్నాడు భోజనం కూడా చేయకుండా వచ్చేశాం. మా ఆయన ఆ రోజూ ఏమీ మాట్లాడలేదు, ఇప్పుడడిగితే 'నీ ఇష్టం' అంటారు. తోడికోడలికి పెళ్లయి పదకొండేళ్లు. పిల్లలు లేరు, అందుకే పసివాళ్ల సంగతి తెలీదు. మా అత్తయ్య ప్రతి డిసెంబర్ 8న మరియమ్మ గుడి ఉన్న రాస్ హిల్ కొండ ఎక్కించి ఆవిడ చేత మొక్కిస్తుంటారు, ఇంకా ఫలితం లేదు. ఈసారి మేం నలుగురమే మా ఫ్లాట్‌లో ప్రశాంతంగా పండగ చేసుకోవాలని ఉంది. అత్తయ్యకి ఎలా చెప్పాలి? ఇది తప్పా?"
— ఒక సోదరి, మధురవాడ

మామూలుగా అయితే తప్పేం లేదమ్మా. "అత్తయ్యా, పిల్లలు చిన్నవాళ్లు, ఈసారి ఇక్కడే ఉంటాం, 26న వస్తాం" అని ఫోన్‌లో చెబితే సరిపోతుంది. ఆవిడ ఒక పూట అలుగుతారు. సాయంత్రానికి పిల్లలకి అరిసెలు ఎవరి చేతికిచ్చి పంపాలా అని చూస్తుంటారు. మీరడిగిన దానికి జవాబు ఇంతే. ఈ మాత్రం దానికి అంత ఉత్తరం అక్కర్లేదు.

జలుబు గురించి ఒక పేజీ రాశారు. ఆడపడుచు పిల్లాడికి రిమోట్ కారు, మీ పాపకి గౌను మాత్రమే వచ్చిన సంగతి అర పేజీ రాశారు. తోడికోడలు అన్న మాటనైతే పొల్లు పోకుండా దించారు. మీరన్న మాట దగ్గరికి వచ్చేసరికి "నేనూ కోపంలో ఒక మాట అన్నాను" అని దాటేశారు. ఏమన్నారో రాయలేదు. కానీ కిందికొచ్చాక "పిల్లలు లేరు, అందుకే పసివాళ్ల సంగతి తెలీదు" అని మీ చెయ్యే రాసేసింది. ఆ రాత్రి అన్నదీ అదేనని నా అనుమానం. "మీకుంటే తెలిసేది అక్కా" అన్నారు కదూ? నేను పొరబడి ఉంటే అంతకంటే సంతోషం లేదు, ఇక్కడితో చదవడం ఆపేయండి.

పొరబడలేదనుకునే మిగతాది రాస్తున్నాను. ఆవిడే ముందు మొదలుపెట్టింది అంటారు. నిజమే, ఆవిడదీ తప్పే. అంతమందిలో ఒక తల్లిని అలా అనకూడదు. అయితే ఆవిడ వేలెత్తి చూపింది మీ పెంపకాన్ని. నాలుగేళ్లు పోతే పాప బుద్ధిగా కూర్చుంటుంది, ఆ మాట ఎవరికీ గుర్తుండదు. మీరు పట్టుకున్నది ఆవిడ చేతిలో లేని దాన్ని. ఈ రెండింటికీ చెల్లుకు చెల్లు అనుకుంటే కుదరదు.

ఆవిడకి డిసెంబర్ ఎలా గడుస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? 8న మరియమ్మ పండగ. కొండ ఎక్కాలి, మొక్కాలి, దిగుతూ ఎదురైన తెలిసినవాళ్లందరి చూపులూ తన పొట్ట మీద పడుతుంటే నవ్వుతూ పలకరించాలి. బావగారిని ఎవరూ కొండ ఎక్కించరు, గమనించారా? పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటుందని ఏ డాక్టరైనా చెబుతారు. మొక్కులు మాత్రం ఆడదాని ఖాతాలోనే.

తర్వాత క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం చివరి వారం. రోజూ పూజకి వెళ్లే అలవాటుంటే మీకూ తెలిసే ఉంటుంది. 19న చదివే పఠనాల్లో సంసోను తల్లి కథ, ఎలిజబెత్తమ్మ కథ వస్తాయి. 22న హన్నా తన బిడ్డను గుడికి తెచ్చి అప్పగించే ఘట్టం. లోకం గొడ్రాళ్లన్న ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురికీ చివరికి కొడుకులే. ఆ కథలు వినేటప్పుడు పక్క బెంచీలో కూర్చున్న పెద్దావిడ ఎవరో మీ తోడికోడలి చెయ్యి పట్టుకుని నొక్కుతుంది. పాపం మంచి ఉద్దేశంతోనే. ఇక 24 రాత్రి సరే సరి. గుడి నిండా పసిబిడ్డ పుట్టిన సంబరమే, పాటలన్నీ జోలపాటలే. 25 మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక పిన్నిగారు మొదలుపెడతారు: "వచ్చే క్రిస్మస్‌కి నీ ఒళ్లో బాబు ఉండాలి." దానికి "మీ నోటి చలవ పిన్నీ" అనడం తప్ప ఇంకో జవాబు ఉండదు. పదకొండు క్రిస్మస్‌లు ఆ జవాబే చెప్పుంటుంది.

ఇంత మధ్యలో ఆవిడ చేత్తో కట్టేది ఆ పాక. నెల మొదట్లోనే పళ్లేల్లో రాగులు చల్లి మొలిపించి పచ్చిక చేస్తుందనీ, ఆ బొమ్మలు మీ మామగారి తల్లి నాటివనీ మీరే రాశారు. అంత శ్రద్ధగా కట్టిన పాకలో స్వరూపం పెట్టే వంతు ఏటేటా ఎవరో ఒకరి బిడ్డది. అది కూలితే ఆవిడ నోరు జారింది. మీ పాపని నేనేమీ అనను. వేలాడే గుడ్డ కనబడితే నాలుగేళ్ల పిల్ల లాగుతుంది. అర్ధరాత్రి దాటాక నిద్ర కళ్లతో ఉన్న పిల్లని మట్టిబొమ్మల పక్కన నిలబెట్టిన పెద్దవాళ్లను అనాలి, అందులో మీరూ ఉన్నారు, మీ ఆయనా ఉన్నారు.

ఆయన సంగతి కూడా చెప్పాలిగా. "నీ ఇష్టం" అనే మగవాళ్లంటే నాకు ఓపిక లేదు. తల్లికీ వదినకీ భార్యకీ మధ్య మాటా మాటా పెరుగుతుంటే ఫోన్ చూసుకునే మనిషి మంచివాడని పేరు తెచ్చుకుంటాడు, ఆ పేరు ఖరీదు ఇంట్లో ఆడవాళ్లు కడతారు. మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ మాట అన్నది ఆయన కాదు, మీరు. ఆయన్ని అడ్డం పెట్టుకుని దీన్ని తప్పించుకోకండి.

తోడికోడళ్లు ప్రాణస్నేహితులు కావాలని నేనెప్పుడూ చెప్పను. ఆ ఇంట్లో అత్తగారి చాదస్తం, ఆడపడుచు రాకపోకల హడావిడి, అన్నదమ్ముల మౌనం, ఇవన్నీ లోపలినుంచి తెలిసింది మీ ఇద్దరికే. రేపు అత్తగారికి మంచం మీద చాకిరీ చేయాల్సి వచ్చినా మీ ఇద్దరే పంచుకోవాలి. ఆ మనిషితో ఏడాదిగా మీకు వాట్సాప్‌లో బర్త్‌డే కేకు బొమ్మ తప్ప మాటల్లేవు. ఈ ఏడాది కూడా మీరు వెళ్లకపోతే పిల్లల నిద్ర కోసం మానేశారని ఎవరూ అనుకోరు. మొహం చెల్లక రాలేదనుకుంటారు. నేనూ అదే అనుకుంటాను. అందుకని ఫ్లాట్‌లో పండగ వచ్చే ఏడాదికి పెట్టుకోండి. ఈసారి జ్ఞానాపురం వెళ్లండి.

అయితే మొదటిసారి వెళ్లేది 24న కాదు. అంతకు ముందే ఒక మామూలు రోజు, బావగారు డ్యూటీకి వెళ్లాక, మీరొక్కరే. పిల్లల్ని మీ ఆయన ఒక రోజు సెలవు పెట్టి చూసుకుంటారు, ఈ వ్యవహారంలో ఆయన చేసే మొదటి పని అదవుతుంది. చీర, స్వీటు డబ్బా ఏమీ పట్టుకెళ్లొద్దు. పట్టుకెళితే ఆవిడ దాన్ని పుచ్చుకోవాలి, నవ్వాలి, కాఫీ కలపాలి, అసలు మాట అక్కడే మునిగిపోతుంది. "అక్కా, పోయిన క్రిస్మస్‌కి నేనన్న మాట అనకూడని మాట. క్షమించు" అనండి. "కానీ నువ్వు కూడా..." అని సాగదీయకండి. ఏడుపొస్తే బయటికొచ్చాక ఏడవండి. మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆవిడ నెత్తిన వేయొద్దు. అత్తగారు ఇంట్లో ఉంటే ఆవిడ వినేలాగే అనండి. అన్నప్పుడు పాతికమంది విన్నారుగా.

"నా పిల్లలు నీ పిల్లలు కాదా అక్కా" లాంటి మాట పొరపాటున కూడా వద్దు. కాదు కనుకే ఇంత బాధ. మీకు తెలిసిన సంతాన సాఫల్య కేంద్రం పేరు, దత్తత తీసుకున్న మీ స్నేహితురాలి కథ, ఇవీ వద్దు. పదకొండేళ్లలో ఆవిడ వినని సలహా మీ దగ్గర లేదు.

ఆవిడ "సర్లే" అని ముఖం తిప్పుకుని కూర తరుక్కుంటుందేమో. లేదా ఏడాదిగా దాచుకున్నదంతా మీ మీద కుమ్మరిస్తుందేమో. రెండింటికీ సిద్ధపడి వెళ్లండి. మీరు ఒకసారి క్షమాపణ అడిగినంత మాత్రాన ఆవిడ మెత్తబడాలన్న రూలేం లేదు.

ఇక పిల్లల సంగతి. ఏడాదిన్నర బాబుని అర్ధరాత్రి పూజకి తీసుకెళ్లనక్కర్లేదు. 25 ఉదయం పూజ కూడా క్రిస్మస్ పూజే, ఈ విషయం మీ ఫాదర్ గారి చేతే అత్తగారికి చెప్పించండి, నోరెత్తరు. ఆ వయసు బిడ్డకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. లోపలి గదిలో వాడి పక్క వేసి, తలుపు దగ్గర ఆయన్ని కూర్చోబెట్టండి. పాపకి సాయంత్రం రెండు గంటలు నిద్రపోతే తీసుకెళతానని చెప్పండి, పోకపోతే ఉదయం పూజకే. వేరుశనగ గింజలు, జీడిపప్పు పలుకులు బాబు నోట్లోకి పోకుండా చూసుకోండి, గొంతుకి అడ్డం పడతాయి. రమ్ములో నానబెట్టిన కేకు పిల్లలిద్దరికీ వద్దు. పాటలు పాడే క్రిస్మస్ తాత బొమ్మల్లోనూ, మినుకుమినుకు లైట్లలోనూ బిళ్ల బ్యాటరీలుంటాయి. మింగింది గొంతు దిగకుండా ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, కాబట్టి అలాంటివి ఎవరిచ్చినా ముందు మీ చేతికి రావాలి. రిమోట్ కారు సంగతి నాకు రాయకుండా ఉండాల్సింది.

ఉత్తరం చివర్లో, సంతకం కింద, ఇంకో వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వీలుగానే ఉంది. "పెద్దమ్మకి పాప ఎందుకు లేదు అని మా అమ్మాయి అడుగుతోంది" అని. ఆ రాత్రి మీ మాట పిల్ల కూడా విన్నదన్నమాట. "కొందరికి పిల్లలుంటారు, కొందరికి ఉండరు. పెద్దమ్మని ఆ ప్రశ్న అడగకూడదు, బాధపడుతుంది" అని చెప్పండి. ఐదేళ్ల పిల్లకి అర్థమవుతుంది. దేవుడు ఇవ్వలేదనో, ప్రార్థిస్తే ఇస్తాడనో చెప్పకండి. పిల్ల నేరుగా వెళ్లి ఆవిడ ముందే మోకరిస్తుంది.

25న మీరు పది గంటలకల్లా వంటింట్లో ఉండండి. పోయిన ఏడాదికి ముందు దాకా పాపని ఎత్తుకుని ముందు గదిలో కూర్చున్నానని రాశారుగా, ఈసారి బాబు ఆయన చంకలో ఉంటాడు. పాతికమందికి పులావు, కోడికూర ఒక్క మనిషి దించుతుంటే చుట్టంలా తిని చెయ్యి కడుక్కోవడం నాకు నచ్చదు. అన్నదమ్ములిద్దరికీ విస్తళ్లు వేసే పని, ఎత్తే పని అప్పజెప్పండి, అత్తగారు "మగపిల్లల చేతనా" అంటే విననట్టు ఊరుకోండి. వడ్డన మాత్రం మీ చేతిలో పెట్టుకోండి. ఎందుకంటే పిన్నిగారు సరిగ్గా ఆ టైముకే "వచ్చే క్రిస్మస్‌కి..." అని అందుకుంటారు. ఆ వాక్యం పూర్తి కానివ్వొద్దు. "పిన్నీ, పెరుగు వేయమంటారా?" అని గరిటెతో అడ్డం పడండి. వద్దన్నా వేసేయండి.