లివర్‌లో గడ్డ అన్నారు... నేరుగా పెట్ స్కాన్ చేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాన్నకు 56 ఏళ్లు, గొర్రెలు కాస్తాడు. కుడి డొక్కలో బరువుగా ఉందంటే అల్ట్రాసౌండ్ తీయించాం. లివర్‌లో 6 సెంటీమీటర్ల ‘ఎస్ఓఎల్’ ఉందని రాసి, సీటీ చేయించమన్నారు. ఇది క్యాన్సరేనా? పెట్ స్కాన్ ఒక్కటి చేయిస్తే అన్నీ తెలిసిపోతాయని కొందరు, సూది గుచ్చి ముక్క తీస్తే (బయాప్సీ) ఒళ్లంతా పాకుతుందని చుట్టాలు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

సలహా: అమ్మా, ‘ఎస్ఓఎల్’ అంటే లివర్‌లో ఉండకూడనిది ఏదో ఉందని మాత్రమే. అది మామూలు నీటి తిత్తి కావచ్చు, చీముగడ్డ కావచ్చు, రక్తనాళాల ముద్ద కావచ్చు, క్యాన్సర్ కూడా కావచ్చు. ఆ మూడు అక్షరాలు చూసి తిండీ నిద్రా మానేసి వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. అంత టెన్షన్ ఇప్పుడే వద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట గొర్రెలు. గొర్రెలు, కుక్కలు, మనుషులు ఒకేచోట మసిలే ఇళ్లలో హైడాటిడ్ తిత్తి అనే జబ్బు వస్తుంటుంది. కుక్క పేగుల్లో ఉండే చిన్న బద్దె పురుగు గుడ్లు దాని మలంతో బయటికొచ్చి, చేతుల ద్వారానో నీళ్ల ద్వారానో మన కడుపులోకి చేరతాయి. ఎక్కువగా లివర్‌లో ఆగి, ఏళ్ల తరబడి తిత్తిగా పెరుగుతాయి. ఇది క్యాన్సర్ కాదు. మీ నాన్నగారిది ఇదేనని నేననడం లేదు, ఫిల్ములు చూడకుండా అనకూడదు కూడా. కానీ మంద సంగతి, కుక్కల సంగతి మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

లోపల ఉన్నది నీళ్లా, గట్టి కండా అన్నది అల్ట్రాసౌండ్ బాగానే పట్టేస్తుంది. గట్టిదైతే అదేమిటో తేల్చడానికి సీటీ కావాలి. చేతి నరంలోకి అయోడిన్ కలిసిన మందు ఎక్కించి, కొన్ని సెకన్లు, నిమిషాల తేడాతో లివర్‌ను రెండు మూడు సార్లు తీస్తారు. ఒకసారి తీస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. కిటుకంతా ఆ తేడాలోనే ఉంది. లివర్‌కు వచ్చే రక్తంలో దాదాపు నాలుగింట మూడొంతులు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా వస్తుంది. లివర్‌లో పుట్టిన క్యాన్సర్ మాత్రం ధమని రక్తం మీదే బతుకుతుంది. అందుకే మందు ధమనిలోకి రాగానే ఆ గడ్డ ముందు తెల్లగా మెరుస్తుంది. కాసేపటికి మిగతా లివర్ తెల్లబడేసరికి అది మసకబారుతుంది. రక్తనాళాల ముద్ద అయితే అంచుల నుంచి లోపలికి నిదానంగా నిండుతుంది. తిత్తి లోపలికి మందు అసలు పోదు, నల్లగానే ఉండిపోతుంది. కత్తి పెట్టకుండా ఇంత సంగతి తెలియడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

పెట్ స్కాన్‌లో రేడియోధార్మిక గ్లూకోజ్ ఎక్కిస్తారు. దాన్ని ఎక్కువగా పీల్చుకునే చోట్లు వెలుగుతాయి. అయితే కొన్ని లివర్ క్యాన్సర్లు చక్కెరను పెద్దగా తీసుకోవు కాబట్టి దొరకవు. టీబీ, ఇన్ఫెక్షన్లు మాత్రం క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. క్యాన్సర్ అని తేలాక, ఎక్కడికైనా పాకిందా అని చూడాల్సి వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. మొదటే అంత డబ్బు పోయొద్దు.

సూది వల్ల క్యాన్సర్ పాకడం చాలా అరుదు. ఆ భయంతో పరీక్ష వాయిదా వేస్తే జరిగే నష్టమే ఎక్కువ. కానీ హైడాటిడ్ తిత్తిని తెలియక గుచ్చితే అందులోని నీరు కారి, ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ రావచ్చు, కడుపులో కొత్త తిత్తులు పుట్టవచ్చు. అందుకే ముందు సీటీ, హైడాటిడ్ రక్తపరీక్ష, ఆ తర్వాతే సూది మాట. హెపటైటిస్ బి, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్ష) పరీక్షల గురించి కూడా అడగండి. హెపటైటిస్ బి గానీ సిరోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) గానీ ఉన్నవాళ్లలో సీటీలో క్యాన్సర్ గుర్తులు స్పష్టంగా ఉంటే చాలాసార్లు సూదితో పనే ఉండదు.

సీటీకి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, ఇదివరకు మందులు పడకపోయినా చెప్పండి. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కి, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. నిమిషంలో తగ్గిపోతుంది. నాన్నగారికి ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే ఉలిక్కిపడి కదులుతారు, బొమ్మ చెదురుతుంది. ఊపిరి బిగపట్టడం ఇంట్లోనే రెండుసార్లు అలవాటు చేయించండి.

రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోండి. అనంతపురంలో చూపించినా, కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లినా అదే చూపించవచ్చు, మళ్లీ తీయించే పని చాలావరకు తప్పుతుంది. ఖర్చు గురించి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. ఈలోగా చలిజ్వరం, పచ్చకామెర్లు, ఉన్నట్టుండి విపరీతమైన కడుపునొప్పి వస్తే సీటీ తేదీ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.

హైడాటిడ్ అని తేలితే ఇంట్లో అందరికీ ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించండి. కుక్కలకు పశువుల డాక్టరు చెప్పినట్టు నట్టల మందు వేయించండి. ఇకమీదట గొర్రెను కోసినప్పుడు కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు వాటికి వేయకండి.