'పంపండి' అంటే ఆర్డరు వేసినట్టా?

సందేహం: మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తోటి ఉద్యోగినిని 'రిపోర్టు పంపండి' అని అడిగాను. ఆమె నొచ్చుకున్నారు. అది ఆర్డరు వేసినట్టుందట, 'దయచేసి పంపగలరు' అని రాయాలట. 'పంపగలరు' అంటే పంపే శక్తి ఉందని కదా అర్థం? మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు?

సమాధానం: మీ వాక్యంలో తప్పు లేదు. అలాగని ఆమె ఊరికే నొచ్చుకున్నారనీ అనలేను.

ముందు 'గలరు' సంగతి చూద్దాం. 'ఆమె పాడగలదు' సామర్థ్యార్థక వాక్యమని హైస్కూల్లో చదువుకున్నాం కాబట్టి 'పంపగలరు' చూడగానే మీకు శక్తి గుర్తొచ్చింది. కానీ 'గల'కు ఆ ఒక్క అర్థమే లేదు. వాతావరణ వార్తల్లో 'రాగల 24 గంటల్లో వర్షాలు' అంటారు. ఆ గంటలకు వచ్చే సత్తా ఉందని ఎవరూ అనుకోరు, రాబోయే గంటలు అనే అర్థం చేసుకుంటారు. 'గమనించగలరు', 'సహకరించగలరు' అన్నప్పుడు పనిచేసేది ఈ అర్థమే. మీరు ఆ పని చేస్తారన్న నమ్మకాన్ని ముందే ప్రకటించి, దాన్నే విన్నపంగా వాడటం. 'పంపగలరని మనవి' అనే వాక్యానికి తోక తెగి 'పంపగలరు' మిగిలిందని నేననుకుంటాను. కాబట్టి తప్పనను. కాకపోతే అది నోటీసు బోర్డు తెలుగు, సర్క్యులర్ల తెలుగు. పక్క సీట్లో ఉన్నవాళ్లతో 'ఆ పెన్ను ఇవ్వగలరు' అని ఎవరంటారు? 'ఇవ్వగలరా?' అని ప్రశ్నగా అడిగితే మాత్రం బాగానే ఉంటుంది. ఎదుటివాళ్లకు 'ఇప్పుడు కుదరదండీ' అనే వీలు మిగులుతుంది.

ఇక 'పంపండి'. బడి వ్యాకరణం విధ్యర్థకం, ప్రార్థనార్థకం అని రెండు పేర్లు పెట్టింది కానీ క్రియ రెంటికీ ఒక్కటే. 'నన్ను కాపాడండి' అని వేడుకునే మనిషీ, 'ముందు బయటికి నడవండి' అని గద్దించే మనిషీ వాడేది అదే 'అండి'. తేడా అంతా గొంతులో, ముఖంలో, ఇద్దరి మధ్య ఉన్న సంబంధంలో తెలుస్తుంది. వాట్సాప్‌లో మొదటి రెండూ లేవు. ఆమె కొత్తగా చేరి ఉంటే మూడోది కూడా ఇంకా కుదురుకోలేదు. ఇక మిగిలింది ఉత్త క్రియే. దాన్ని ఏ గొంతుతో చదువుకోవాలో ఆమే ఊహించుకున్నారు.

పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషాశాస్త్రవేత్తలు మర్యాద మీద 1978లో ఒక సిద్ధాంతం ప్రకటించారు. ఇంగ్లీషు, మెక్సికోలోని త్సెల్టాల్ అనే మాయా భాష, మన పొరుగునున్న తమిళం, ఈ మూడింటి మాటల మీద ప్రధానంగా ఆధారపడ్డారు. మనం అడిగే తీరును మూడు విషయాలు నిర్ణయిస్తాయని వారి లెక్క: ఎదుటివారితో ఎంత దూరం, ఎవరిది పైచేయి, అడిగే పని ఎంత బరువు. తెలుగుకు ఇది చక్కగా అతుకుతుంది. అన్నం వడ్డిస్తూ 'తిను, ఇంకొంచెం వేసుకో' అంటే నికార్సైన ఆజ్ఞారూపమే, ఎవరికీ కోపం రాదు. తినేవాడికే మేలు కాబట్టి. 'పెళ్ళికి మీరు తప్పకుండా రావాలి' అన్నదీ అంతే. అదే 'వాలి'తో 'రిపోర్టు ఈ రోజే రావాలి' అని చూడండి, టెన్షన్ మొదలవుతుంది.

అలాంటప్పుడు మెత్తదనం కోసం తెలుగువాళ్లు వాడే సరంజామా చాలా ఉంది. 'కాస్త', 'కొంచెం', 'ఓసారి' ఇందుకే పుట్టాయా అనిపిస్తుంది. 'ఓసారి ఇలా రండి' అన్నప్పుడు రెండోసారి రావద్దని కాదు గదా! తెలంగాణలో 'జర' ఒక్కటి చాలు: 'జర చూడుండ్రి'. కోస్తాలో పెద్దవాళ్ల నోట 'ఆ పుస్తకం కాస్త ఇద్దురూ' అని వినేవాళ్లం, ఈ 'దురూ' ఇప్పుడు తగ్గిపోయింది, నాకు బెంగగానే ఉంది. 'రాసి పెట్టండి', 'చూసి పెట్టండి' అన్నప్పుడు 'పెట్టు' చేరి, నా కోసం చేయండన్న భావం వస్తుంది. వీటిలో ఏదీ 'దయచేసి' కాదు, గమనించారా?

'దయచేసి' రైల్వే స్టేషన్లో బాగుంటుంది. 'దయచేసి వినండి' అని అది ముక్కూమొహం తెలియని వందల మందితో చెప్పే మాట. ఇంట్లో 'దయచేసి ఆ టీవీ కట్టేస్తారా' అని వినిపించిందంటే అవతలివాళ్లకు ఒళ్లు మండిందని అర్థం. చనువున్నచోట మర్యాద హఠాత్తుగా పెరిగితే అది అలకో, ఎత్తిపొడుపో అవుతుంది. పదింటికి లేచిన కొడుకును 'లేచారా అయ్యగారు' అనే తల్లి గౌరవిస్తోందా? 'దయచేయండి' అంటే విచ్చేయండి అనే అర్థముంది, కోపంగా 'ఇక దయచేయండి' అంటే గుమ్మం చూపించడం.

అందుచేత మీ ఇద్దరికీ నా సలహా ఒకటే, 'పంపగలరు' జోలికి పోనక్కర్లేదు. పేరుకు 'గారూ' చేర్చి పిలిచి, ఎందుకు కావాలో ఒక ముక్క చెప్పండి: 'మధ్యాహ్నం మీటింగ్ ఉందండీ, ఆలోగా రిపోర్టు ఓసారి పంపుతారా?' కారణం చెప్పేసరికి ఆ అవసరం పనిది అవుతుంది, మీ పెత్తనంలా వినిపించదు. మరీ ఆలస్యమైతే గ్రూపులో పదిమంది ముందు అడక్కుండా విడిగా అడగండి. పదిమంది చూస్తుండగా అడిగితే ఎంత మెత్తటి మాటైనా నిలదీసినట్టే ఉంటుంది. బహుశా ఆమెను నొప్పించింది 'పంపండి' కన్నా అదే కావచ్చు.

పై అధికారికి ఉత్తరం రాసేటప్పుడు 'పంపగలరు' వాడొచ్చు. నేనైతే 'పంపవలసిందిగా కోరుతున్నాను' అని రాస్తాను.